అడుగు మందాన ఎర్రమట్టి

మా వైపు స్థలం కొనేముందు ఎవరూ మట్టి చూడరు. పక్క ప్లాటు ఎవరు కొన్నారో చూస్తారు. డాక్టరు గారు కొన్నారంటే అది మంచి నేల. తహసీల్దారు ఆఫీసులో పనిచేసేవాళ్లు కొన్నారంటే ఇంకా మంచి నేల, కాగితాలు కూడా శుభ్రంగా ఉన్నట్టే. బెండకాయ కొనేటప్పుడు కొస తుంచి చూసే మనుషులు, కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసే మనుషులు, జీవితమంతా దాచుకున్నది పోసి కొనే నేల దగ్గరికి వచ్చేసరికి కనీసం వంగి కూడా చూడరు. కారు దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నాలుగు దిక్కులూ చూసి, "బాగుందండి" అంటారు. ఏం బాగుందో అడగకూడదు.

పరాయివాళ్ల గురించి చెబుతున్నట్టు చెబుతున్నాను గానీ, ఈ తెలివైనవాళ్ల సభలో నా కుర్చీ ముందు వరసలోనే ఉంటుంది. నేను ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో సైన్సు చెప్పాను. ఎర్ర నేల, నల్ల నేల, ఒండ్రు నేల, చౌడు నేల. గాజు గ్లాసులో నీళ్లు పోసి, గుప్పెడు మట్టి వేసి కలిపి, ఇసుక అడుక్కి ఎలా దిగుతుందో, బంకమట్టి పైన ఎంతసేపు తేలుతుందో ఏటా చూపించేవాణ్ణి. నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది అని పిల్లల చేత వల్లె వేయించాను. ఆ వల్లెవేత పిల్లలకి ఎంత ఎక్కిందో తెలియదు, నాకు మాత్రం ఎక్కలేదు.

మా ఆవిడది జీవితంలో ఒకటే కోరిక. బంగారం కాదు, కారు కాదు. మొక్కని నేలలో నాటాలి. వినడానికి ఇంత చిన్న కోరిక తీరడం కోసం నా ఉద్యోగం అయిపోయేదాకా ఎదురుచూసింది. బదిలీ అయినప్పుడల్లా ఒక అద్దె ఇల్లు, ప్రతి ఇంటికీ సిమెంటు చేసిన వాకిలి, ఆ వాకిట్లో ఆమె బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు. మల్లె, దానిమ్మ, గోరింట, తులసి. కడియం నర్సరీలో కొన్న కరివేపాకు మొక్క ఒకటి పెద్ద బకెట్లో మాతో పాటు ఆరు ఊళ్లు తిరిగింది. దాన్ని సామాను వ్యానులో ఎక్కించనిచ్చేది కాదు, బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చునేది. ఒక ఇంటి యజమానురాలు బకెట్ల కింద మరకలు పడుతున్నాయని నెలకోసారి గొణిగేది. మా ఆవిడ ఎదురు చెప్పకుండా గుడ్డ తడిపి తుడిచేది. ఒక్కసారి మాత్రం నాతో అంది, "బకెట్లో మొక్క పెరగదండి, బతుకుతుందంతే. వేళ్లు పక్కకి పోయి, తగిలి, వెనక్కి తిరిగి అక్కడక్కడే చుట్టుకుంటాయి." ఆ మాట నాకు గుచ్చుకుంది. రిటైరైన ఏడాదే స్థలం వేట మొదలుపెట్టాను.

వేట అని గొప్పకి అన్నాను. నిజానికి వేటాడింది మా బావమరిది, దొరికింది నేను.

మా ఆవిడకి తమ్ముడు. భీమవరం చుట్టుపక్కల ముందు చేపల చెరువులు లీజుకి చేశాడు, తరవాత రొయ్యలు, ఆ తరవాత ఇళ్ల స్థలాలు. చొక్కా మీద మడత పడనివ్వడు, మాట మీద నిజం పడనివ్వడు. భీమవరం నుంచి బస్సులో అరగంట దూరంలో తను వేసిన కొత్త లేఅవుటుకి మా ఇద్దరినీ కార్లో తీసుకెళ్లాడు. లేఅవుటంటే మా వైపు అన్నీ ఒకే అచ్చు. మొదట్లో సిమెంటు ద్వారం, దాని మీద ఎవరికీ అర్థం తెలియని ఇంగ్లీషు పేరు, లోపల సున్నం కొట్టిన హద్దు రాళ్లు, దారికి రెండు పక్కలా కొబ్బరి మొక్కలు. మా ఆవిడ వంగి ఒక కొబ్బరి మొక్క మొదలు చూసింది. నర్సరీ కవరు విప్పకుండానే గుంతలో దించి మట్టి కప్పేశారు.

"ఇదెలా బతుకుతుందిరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"ప్లాట్లు అమ్ముడయ్యేదాకా బతికితే చాలక్కా" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

స్థలమంతా ఎర్రగా ఉంది. డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి, మా నేల ఏ రంగులో ఉంటుందో నాకు తెలియదా? ఆ ఎర్ర గ్రావెల్ రాజమండ్రి అవతలి మెట్టలో తవ్వి లారీల్లో తోలుకొచ్చిందని చూడగానే తెలిసింది. మెరక చేశారులే అనుకున్నాను. మా పల్లపు ప్రాంతంలో మెరక చేయకుండా ఎవరు ఇల్లు కడతారు? అయితే ఏ పల్లాన్ని పూడ్చి మెరక చేశారన్నది అడగాల్సిన ప్రశ్న. అడిగాను కూడా, నా మీద నాకు మరీ అంత చులకన లేదు.

"కింద ఏముందయ్యా?" అన్నాను.

"కింద భూమే ఉంటుంది బావగారూ" అన్నాడు. "అన్నట్టు మీ పక్క ప్లాటు డాక్టరు గారు తీసేసుకున్నారండి."

అంతే. నా ప్రశ్న అక్కడే కూలబడింది. డాక్టరు గారంతటివారు కొన్నాక నేను గునపం పట్టుకుని తవ్వి చూస్తే ఏం బాగుంటుంది?

ఇంటి ప్లాను కోసం సిద్ధాంతి గారు వచ్చారు. ఫోనులో దిక్సూచి తెరిచి గంటన్నర సేపు ఆ స్థలంలో తిరిగారు. ఈశాన్యం జానెడు పెరగాలన్నారు, వంటింటి కిటికీ రెండు జానలు జరగాలన్నారు. చివర్న గుప్పెడు మట్టి తీసి, అరచేతిలో నలిపి, వాసన చూసి, "ఉత్తమమైన నేలండి" అన్నారు. అది రెండు నెలల కిందటి వరకూ మెట్టలో ఉన్న నేల. దాన్ని ఉత్తమమనడంలో ఆయన తప్పేమీ లేదు. దాని కింద పడుకున్న నేల జాతకం ఆయన అడగలేదు, మేం చూపించలేదు. మా ఆవిడ మాత్రం ఆయన వెనకాలే నడుస్తూ, పెరటి వైపు ఎంత జాగా మిగులుతుందో అడుగులతో కొలుచుకుంది. కరివేపాకు ఇక్కడ, దానిమ్మ అక్కడ, మల్లె పందిరి గోడ వారన. ఆ రోజు ఆమె ముఖం చూసి, నేను జన్మకో మంచి పని చేశాననుకున్నాను.

పునాది తవ్విన రోజు నేల తన సంగతి తానే చెప్పుకుంది. ఎర్రమట్టి అడుగు మందం కూడా సరిగ్గా లేదు. దాని కింద పగిలిన ఇటుకలు, సిమెంటు పెళ్లలు, చివికిన మేత సంచులు. వాటి కింద నల్లటి జిగురు మట్టి. పారకి అంటుకుంటే కాలితో తన్నితే గానీ ఊడేది కాదు. మనిషి నడుం లోతుకి వెళ్లారో లేదో, నల్లటి నీళ్లు ఊరడం మొదలైంది. వాటితో పాటు కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ వాయువుని ప్రయోగశాలలో పిల్లల ముక్కులు మూయించి ఏటా చూపించినవాణ్ణి నేను. గాలి ఆడని బురదలో, జీవాలు కుళ్లిన చోట అది పుడుతుందని బోర్డు మీద రాసినవాణ్ణి.

"ఏంటండీ ఈ కంపు?" అని మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను నోరు తెరిచేలోపే మా బావమరిది గుంతకి చేతులు జోడించాడు. "గంగమ్మ తల్లి పైకొచ్చింది బావగారూ, మహా శుభం" అన్నాడు. పసుపు, కుంకుమ తెప్పించి గుంతలో చల్లించాడు, కూలీలకి లడ్డూలు పంచాడు. నేను ఆ గుంతని ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎక్కడెక్కడి చుట్టాలో ఆ బురదకి దణ్ణాల బొమ్మలు పెట్టారు.

తాపీ మేస్త్రి ఒక్కడే దణ్ణం పెట్టలేదు. నన్ను పక్కకి పిలిచి, "మాస్టారండి, ఇది నిలకడైన మట్టి కాదండి. ఇంజినీరింగు కాలేజీలో పరీక్ష చేస్తారు, ఒకసారి పంపించండి. లేదంటే లోతుకంటా కాంక్రీటు పైల్స్ దించి, వాటి మీద లేపుదామండి" అన్నాడు. నేను ఆ మాట పట్టుకెళ్లి, అమ్మినవాణ్ణే అడిగాను. నా తెలివికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. వాడు కూలీలందరూ వినేలా, "మనం అపార్ట్‌మెంటు కడుతున్నామేంటండి? ముప్ఫై ఏళ్లు పరీక్షలు పెట్టీ పెట్టీ మీకు అలవాటైపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మొహమాటం వేసింది. ఆ మొహమాటం మీదే మా ఇల్లు కట్టాం, పునాది అదే.

గోడలు సగానికి లేచాక, వాటిని తడపడానికి పక్క పేట నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. ఆదివారం తప్ప రోజూ వచ్చేది, ఆదివారం చర్చి. ఒక మధ్యాహ్నం ఆవిడ గుంత గట్టున పడి ఉన్న మేత సంచి ముక్కని కాలితో తిప్పి చూసి, "ఈ చెరువులో ఎన్ని రొయ్యల పట్టుబడులకి వచ్చానో లెక్కలేదండి" అంది.

"ఏ చెరువు?" అన్నాను.

"ఇదేనండి. మీ హాలు ఉన్నచోట నడుం లోతు నీళ్లుండేవండి. కాలవలోంచి ఉప్పునీళ్లు తోడి పెట్టేవారు. రొయ్యలకి జబ్బులొచ్చి వదిలేశాక గట్లు లోపలికి నెట్టేసి, ఊళ్లో పడగొట్టిన ఇళ్ల చెత్తంతా తెచ్చి పోశారండి."

"ముందే ఒక్కమాట చెప్పలేదేమమ్మా?"

"మీరు అడగలేదు కదండి" అంది. "అయినా మాస్టారు గారికి తెలీకుండా ఉంటదా అనుకున్నాను."

ఆవిడ ఉండే పేట మా స్థలానికి కూతవేటు దూరం. అక్కడికి వెళ్లి ఎవరిని అడిగినా, టీ తాగేంత సేపట్లో ఆ నేల కథంతా చెప్పేవారు. కానీ భూమి గురించి దాంట్లో దిగి పనిచేసినవాళ్లని అడగడం మా మర్యాదల్లో లేదు. కాగితాలున్నవాణ్ణి అడుగుతాం, కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టి చూస్తాం, సిద్ధాంతిని పిలుస్తాం. మా కళ్లు నెత్తి మీద ఉంటే కాళ్ల కింద ఏముందో ఎలా తెలుస్తుంది?

గృహప్రవేశమైన మర్నాడే మా ఆవిడ కరివేపాకు బకెట్‌ని తన చేత్తోనే పగలగొట్టింది. మట్టి గడ్డతో సహా మొక్కని ఎత్తి గుంతలో దించి, "ఇంక నీ ఇష్టం, ఎంత దూరమైనా పో" అంది. నేను పక్కనే నిలబడి చెంబుతో నీళ్లు పోశాను. చెరువు సంగతి అప్పటికి నాకు తెలుసు, ఆమెకి తెలియదు. చెప్పలేకపోయాను. పైన ఎరువు వేస్తే సరిపోతుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

రెండో నెలలో ఆకుల అంచులు మాడాయి. ఆమె ఇంకా నీళ్లు పోసింది, మా బోరు నీళ్లూ ఉప్పే. వేసవి వచ్చేసరికి పెరడంతా తెల్లటి పొర పేరుకుంది, చీపురుతో ఊడిస్తే చేటలోకి వచ్చేంత. పశువుల ఎరువు వేసింది, చౌడు విరుగుతుందని ఎవరో చెబితే జిప్సం వేసింది. ముందు మల్లె పోయింది, తరవాత దానిమ్మ. ఆరు ఊళ్లు బకెట్లో తిరిగిన కరివేపాకు సొంత నేలలో ఆరు నెలలు కూడా బతకలేదు. ఎండిన మొక్కని ఆమె పీకింది. కష్టపడక్కర్లేకుండానే వచ్చేసింది. వేళ్లు ఇంకా బకెట్ ఆకారంలోనే గుండ్రంగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క వేరు కూడా బయటి మట్టిలోకి వెళ్లలేదు.

దాన్ని చేతిలో పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూర్చుంది. అప్పుడు చెప్పాను చెరువు గురించి. "ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగింది. గోడలు లేచినప్పుడన్నాను. ఆమె ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఇంటి సంగతి కూడా పాఠంలో ఉన్నది ఉన్నట్టే జరిగింది. వానలకి నేల ఉబ్బింది, పడగ్గది తలుపు పడటం మానేసింది. ఎండలకి నేల కుంగింది, హాలు గోడ మీద మూల నుంచి మూలకి ఒక పగులు బయలుదేరింది. మొదట వెంట్రుకంత, తరవాత వేలు దూరేంత. నాలుగు మార్కుల ప్రశ్నకి మా గోడ పూర్తి జవాబు రాసింది.

ఒక రోజు పక్క ప్లాటు డాక్టరు గారు తన స్థలం చూసుకోవడానికి వచ్చారు. తుంగ, పిచ్చి మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. ఉండబట్టలేక అడిగాను, "మీరు ఏం చూసి కొన్నారండి ఇది?"

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "మిమ్మల్ని చూసేనండి. సైన్సు మాస్టారు పక్క ప్లాటు తీసుకున్నారని మీ బావమరిది గారు చెప్పారు. మీరు మట్టి చూడకుండా కొనరు కదా అనుకున్నాను."

ఆయన కొన్నారని నేను, నేను కొన్నానని ఆయన. మా ఇద్దరిలో ముందు కొన్నవాడెవడో మా బావమరిదికే తెలియాలి. మా తరవాత కొన్న పదిమందీ మా ఇద్దరినీ చూసి కొన్నారు. ఆ లేఅవుటులో ఎర్రమట్టి కన్నా పల్చగా పరిచింది నా పరువు.

మా ఆవిడ మళ్లీ బకెట్లు కొంది. రావులపాలెం అరటి మార్కెట్టుకి గెలలు తోలే మా దూరపు చుట్టం ఒకాయన్ని బతిమాలి, నాలుగు సంచుల గోదావరి లంక మట్టి తెప్పించుకుంది. సొంత స్థలంలో, సిమెంటు అరుగు మీద, పరాయి మట్టితో, మళ్లీ బకెట్లు. కింద మరక పడితే ఇప్పుడూ గుడ్డ తడిపి తుడుస్తుంది. అడిగేవాళ్లు లేకపోయినా అలవాటు పోలేదు.

మొన్నీమధ్య బావమరిది ఫోను చేశాడు. "రేపు మీ ఎదురు ప్లాటు చూడ్డానికి భార్యాభర్తలు వస్తున్నారు బావగారూ. అతను మీ శిష్యుడేనట, ఇప్పుడు బ్యాంకులో చేస్తున్నాడు. మీరేం చెప్పక్కర్లేదు, వరండాలో కూర్చోండి చాలు. ఆ హాలు గోడకి మాత్రం క్యాలెండరు లాంటిదేదైనా తగిలించండి" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

మర్నాడు నేను వరండాలో కూర్చున్నాను. ఒప్పుకోవాలి, కూర్చున్నాను. క్యాలెండరు తగిలించలేదు, అంతవరకే నా ధైర్యం. వాళ్లు వచ్చారు. కుర్రాడు నన్ను చూడగానే చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. "మాస్టారూ, మీరిక్కడ ఉన్నారని తెలిశాక ఇంక చూసేదేముందండి" అన్నాడు. ఎదురు ప్లాటులోంచి గుప్పెడు ఎర్రమట్టి తీసి వాసన కూడా చూశాడు. మా బావమరిది నా వంక మెచ్చుకోలుగా చూశాడు. ఇంతలో ఆ అమ్మాయి మా పెరటి వైపు వెళ్లి వచ్చింది.

"ఇంత జాగా ఉంచుకుని బకెట్లలో పెంచుతున్నారేంటండి?" అని మా ఆవిణ్ణి అడిగింది.

మా ఆవిడ నా వైపు చూసింది. ముప్ఫై ఏళ్లు అద్దె వాకిళ్లలో మరకలు తుడిచిన మనిషి, నన్ను ఒక్క మాట అనని మనిషి, ఇప్పుడు నేనేం అంటానో చూస్తూ నిలబడింది.

"నేను మట్టి చూడలేదురా" అన్నాను కుర్రాడితో. "డాక్టరు గారు కొన్నారని కొన్నాను. ఇదంతా రొయ్యల చెరువు."

బావమరిది ఏదో అనబోయాడు. మా ఆవిడ లోపలికెళ్లి గునపం, పార తెచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర పడేసింది. "కింద భూమే ఉంటుందన్నావుగా. తవ్వి చూపించు" అంది. వాడు తన తెల్ల చొక్కా చూసుకున్నాడు. నేనే గునపం అందుకుని, మా గేటు పక్కన తవ్వడం మొదలుపెట్టాను. నాలుగు పోట్లకే ఆయాసం వచ్చింది. కుర్రాడు నా చేతిలోంచి లాక్కున్నాడు. ఎర్రమట్టి పోయింది, ఇటుక ముక్కలు పోయాయి, నల్లమట్టి తగిలింది, వాసన కొట్టింది.

కుర్రాడు ఆ మట్టి ముద్దని చేతిలో నలిపాడు. వేళ్లకి అంటుకుని వదల్లేదు. "వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది" అన్నాడు నెమ్మదిగా. "మీరు చెప్పిందే కదండి." వాడు వెటకారంగా అనలేదు. అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

బావమరిది కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు, ఇంతవరకూ మళ్లీ ఫోను లేదు. సాయంత్రం నేను ఆ గుంత పూడ్చబోతే మా ఆవిడ పార పట్టుకుంది. "ఉండనీయండి, వచ్చేవాళ్లు చూస్తారు" అంది. ఎవరూ పడకుండా చుట్టూ నాలుగు కర్రలు పాతి, తాడు కట్టింది. రోజూ పొద్దున్నే బకెట్లకి నీళ్లు పోసి, గేటు దాకా వచ్చి దాన్నీ ఒకసారి చూసి వెళుతుంది. మా నేలలో ఆమె పెట్టినవాటిలో ఇప్పటిదాకా నిలిచింది అదొక్కటే.